నీరుగంటి మాట, సేనాని మాట



మాది కణేకల్. అనంతపురం జిల్లాలో రాయదుర్గం పక్కన ఉంటుంది. మబ్బు పట్టినా చినుకు రాలుతుందన్న నమ్మకం లేని నేల మాది. ఏడాది మొత్తం కలిపినా సుమారు 550 మిల్లీమీటర్ల వాన, అదీ దేవుడి దయ ఉన్న ఏడాది. అయినా మా ఊరికి చెరువుంది, తుంగభద్ర నుంచి వచ్చే ఎగువ కాలువ ఉంది. ఆ కాలువను మేము హెచ్చెల్సీ అంటాం. చెరువున్న ఊళ్లో నీరుగంటి ఉంటాడు. తూము ఎత్తేదీ దించేదీ అతనే. ఏ మడికి ఎంతసేపు పారాలో చూసేదీ అతనే.

చాలా ఏళ్ల కిందట ఒక సాయంత్రం మా చెరువు కట్ట మీద ఒక ముసలి నీరుగంటి పక్కన కూర్చున్నాను. “పంటకు ముందు రైతులంతా కూడినప్పుడు నీ మాట వింటారా తాతా?” అని అడిగాను. ఆయన నవ్వాడు. “వింటారు సారూ, వాళ్లకు నచ్చే మాటైతే వింటారు” అన్నాడు. ఒక ఏడు నీళ్లు వరికి చాలవని, ఆరుతడి పంటలే పెట్టుకోమని చెప్పాడట. పెద్ద రైతులు ఒప్పుకోలేదు. “నువ్వు తూము చూసుకోప్పా, పంట సంగతి మాకెందుకు చెబుతావు” అన్నారట. మరుసటి ఏడు ఆయన నోరు మెదపలేదు. వరి పొట్టకొచ్చే వేళకు చెరువు అడుగంటింది. అప్పుడు అదే రైతులు వచ్చి “ముందే ఎందుకు చెప్పలేదు?” అని ఆయన మీదే విరుచుకుపడ్డారట.

చివర్లో ఆయన ఒక మాట అన్నాడు. “నీళ్లు నేను పుట్టించలేను సారూ. ఎన్నున్నాయో చెప్పగలను. అది కూడా చెప్పకపోతే నేను కట్ట మీద ఉండేదెందుకు?”

ఈ రోజు నేను మాట్లాడబోయేది చెరువు గురించి కాదు, యుద్ధం గురించి. యుద్ధానికి వెళ్లాలా వద్దా అని ఒక దేశం తేల్చుకునేటప్పుడు పెద్ద సేనానుల మాటకు ఎంత బరువుంటుంది, ఎంత ఉండాలి అన్నది విషయం. దీని గురించి పుస్తకాలు చదివిన ప్రతిసారీ నాకు ఆ నీరుగంటే గుర్తొస్తాడు. ఏ పంట వేయాలో తేల్చేది రైతులు. చెరువులో ఎన్ని నీళ్లున్నాయో చెప్పేది నీరుగంటి. ఈ రెండు పనులూ వేరు వేరు. ఒకరి పనిలోకి ఇంకొకరు జొరబడినా నష్టమే, ఒకరి మాట ఇంకొకరు వినకపోయినా నష్టమే.

మన సీమకూ సైన్యాలకూ ఉన్న చుట్టరికం పాతది. 1800లో హైదరాబాదు నిజాం ఈ ప్రాంతాన్ని ఈస్టిండియా కంపెనీకి ఇచ్చేశాడు. తన రాజ్యంలో కంపెనీ నిలిపిన సైన్యానికి జీతాలు కట్టే భారం ఉంది కదా, దానికి బదులుగా బళ్లారి, అనంతపురం, కడప ప్రాంతాలు రాసిచ్చాడు. అందుకే వీటికి దత్త మండలాలన్న పేరు వచ్చింది. ఒక్క మాటలో చెప్పాలంటే, సైన్యం ఖర్చు కింద చెల్లిపోయిన నేల మనది. ఇక్కడికి వచ్చిన మొదటి పెద్ద కలెక్టరు థామస్ మన్రో కూడా సిపాయి ఉద్యోగం నుంచి వచ్చినవాడే.

అదే నిజాం వంశం కథ 148 ఏళ్ల తర్వాత మళ్లీ మన గుమ్మం ముందుకొచ్చింది. 1948 నాటికి కణేకల్ అనంతపురం జిల్లాలో లేదు. రాయదుర్గం తాలూకా అంతా బళ్లారి జిల్లాలో ఉండేది. 1953 అక్టోబరులో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడే మనం అనంతపురంలో కలిశాం. అప్పటి మన జిల్లాలోనే హోసపేట. దాని అంచునే తుంగభద్ర, అవతలి ఒడ్డు నిజాం రాజ్యం. 1945 ఫిబ్రవరి 28న ఆ నది మీద ఆనకట్టకు రెండు ఒడ్డుల్లోనూ శంకుస్థాపన జరిగింది. ఒక ఒడ్డున మద్రాసు గవర్నరు, రెండో ఒడ్డున నిజాం కొడుకు బేరారు యువరాజు రాళ్లు వేశారు. ఈ రోజు మా కాలువలో పారే నీళ్లకు మూలం ఆ రెండు రాళ్లు. అవి పడిన మూడున్నరేళ్లకే అదే నది దగ్గర తుపాకులు పేలాయి.

1947 నవంబరు 29న భారత ప్రభుత్వానికీ నిజాముకూ యథాతథ ఒప్పందం కుదిరింది. ఒక ఏడాదిపాటు ఉన్నది ఉన్నట్టే ఉండాలన్నది దాని సారం. ఆ ఏడాది పూర్తికాకుండానే పరిస్థితి చేయి దాటింది. కాశిం రజ్వీ నాయకత్వంలో, నిజాం పక్షాన ఆయుధాలు పట్టిన రజాకార్లు ఊళ్ల మీద పడ్డారు. జనం పిల్లాజెల్లలతో సరిహద్దు దాటి మద్రాసు రాష్ట్రంలోకి వచ్చారు. ఢిల్లీలో సర్దార్ పటేల్ సైనిక చర్య తప్పదన్నాడు. నెహ్రూకు సందేహాలుండేవి. మరి సైన్యం ఏమంటోంది?

ఇక్కడో విచిత్రం ఉంది. స్వాతంత్ర్యం వచ్చి ఏడాది దాటినా మన సైన్యాధిపతి ఆంగ్లేయుడే, జనరల్ రాయ్ బూచర్. పాకిస్తాన్ సైన్యానికి అధిపతి జనరల్ గ్రేసీ, ఆయనా ఆంగ్లేయుడే. ఒకవైపు కాశ్మీరులో పోరు నడుస్తోంది. ఇప్పుడు హైదరాబాదులో చేయి పెడితే రెండు చోట్ల పోరాడాల్సి వస్తుందని, దేశంలో మత కల్లోలాలు రేగుతాయని, బొంబాయి, అహ్మదాబాదు లాంటి నగరాల మీద పాకిస్తాన్ విమానాలు బాంబులు వేయవచ్చని బూచర్ భయం. చర్య మొదలయ్యే ముందు రాత్రి కూడా ఆయన పటేలుకు ఫోను చేసి వాయిదా వేయమని అడిగాడని ఆనాటి వ్యవహారాలను దగ్గరుండి చూసినవాళ్లు రాశారు. పటేల్ ఒప్పుకోలేదు.

1948 సెప్టెంబరు 13న సైన్యం కదిలింది. ‘ఆపరేషన్ పోలో’ అని పేరు పెట్టారు. జనం మాత్రం దాన్ని పోలీసు చర్య అన్నారు, ఇప్పటికీ అలాగే అంటారు. దక్షిణ కమాండుకు లెఫ్టినెంట్ జనరల్ రాజేంద్రసింహజీ అధిపతి. పడమట షోలాపూరు వైపు నుంచి మేజర్ జనరల్ జె.ఎన్. చౌదరి, తూర్పున బెజవాడ వైపు నుంచి మేజర్ జనరల్ రుద్ర బలగాలను నడిపారు. దక్షిణాన హోసపేట వైపు నుంచి కూడా బలగాలు కదిలాయి. తుంగభద్ర దగ్గర వంతెనను గూర్ఖా సిపాయిలు పట్టుకున్నారు. 17వ తేదీ సాయంత్రానికి అంతా అయిపోయింది. అయిదు రోజులు.

బూచర్ భయపడినట్టు ఏ నగరం మీదా బాంబు పడలేదు. ఆయన అంచనా తప్పింది. కాబట్టి ఆయన మాట్లాడడమే తప్పని చాలామంది అంటారు. నేను అలా అనను. ప్రమాదం ఉందని తోచినప్పుడు పాలకుడి ముఖం మీద చెప్పడం సేనాని పని. విని, తూచి, బాధ్యత నెత్తిన వేసుకుని ముందుకు వెళ్దాం అనడం పాలకుడి పని. ఒకసారి ఆదేశం వచ్చాక సైన్యం ఆగలేదు. నీరుగంటి లెక్క తప్పినా, పంచాయితీ జరగాల్సిన తీరులోనే జరిగింది.

ఇప్పుడు అవతలి ఒడ్డు చూద్దాం. హైదరాబాదు సైన్యానికి అధిపతి మేజర్ జనరల్ ఎల్ ఎద్రూస్. ఆయన చేతిలో ఉన్నది సుమారు 24,000 మంది. అందులో పూర్తి శిక్షణ, ఆయుధాలు ఉన్నవాళ్లు 6,000 మందేనని లెక్క. ఆ సైన్యానికి బయట, ఆయన మాట వినాల్సిన అవసరమే లేని రజాకార్ల గుంపులు వేలకు వేలు. వాళ్ల నాయకుడు రజ్వీ ఎర్రకోట మీద అసఫ్‌జాహీ జెండా ఎగరేస్తానని సభల్లో చెబుతున్నాడు. సిడ్నీ కాటన్ అనే ఆస్ట్రేలియా పైలట్ రాత్రిపూట కరాచీ నుంచి విమానాల్లో ఆయుధాలు తెచ్చి దించుతున్నాడు. ప్రధానమంత్రి మీర్ లాయక్ అలీ ఐక్యరాజ్య సమితి ఆదుకుంటుందని ఆశ పెట్టుకున్నాడు.

ఆ కొలువులో సేనాని ఏం చెప్పాడు, ప్రధాని ఏం విన్నాడు? తర్వాత ఇద్దరూ జ్ఞాపకాలు రాసుకున్నారు. ఇద్దరి మాటా ఒకటి కాదు. తప్పు అటు నుంచి ఇటు, ఇటు నుంచి అటు తిరుగుతూనే ఉంటుంది. కానీ మనం చూడాల్సింది ఒకటుంది. 6,000 మంది గట్టి సిపాయిలతో భారత సైన్యాన్ని ఆపలేమన్నది ఏ సేనానికైనా తెలిసే లెక్క. ఆ లెక్క బయటి సభల్లో వినపడలేదు. బయట వినపడినవి జెండా మాటలే. సెప్టెంబరు 18న ఎద్రూస్ వచ్చి చౌదరికి లొంగిపోయాడు. కొద్ది రోజులకు నిజాం రేడియో ముందుకొచ్చి, ఒక చిన్న ముఠా తనను నిస్సహాయుడిని చేసిందని లోకానికి చెప్పుకున్నాడు. అయిపోయిన పెళ్లికి మేళం అంటారే, అలా ఉంది ఆ ప్రసంగం.

ఆ లెక్క చెప్పనందుకో, విననందుకో ఎవరు చెల్లించారు? ఎద్రూసో రజ్వీయో కాదు, ఎక్కువ చెల్లించింది మామూలు జనం. ముందు రజాకార్ల చేతుల్లో పల్లె జనం నలిగారు. సైనిక చర్య వేళ, ఆ తర్వాత వారాల్లో మరో రకం చావులు జరిగాయి. ఉస్మానాబాదు, గుల్బర్గా, బీదరు, నాందేడు జిల్లాల్లో ముస్లిం కుటుంబాలు ప్రతీకారానికి బలయ్యాయి. నెహ్రూ పంపిన పండిత సుందర్‌లాల్ బృందం తిరిగి చూసి, తక్కువలో తక్కువ 27,000 నుంచి 40,000 మంది చనిపోయి ఉంటారని అంచనా వేసింది. ఆ నివేదిక దశాబ్దాలపాటు అల్మారాల్లోనే ఉండిపోయింది. సేనానులు అయిదు రోజుల యుద్ధం ప్రణాళిక గీశారు, అది చక్కగా నడిచింది. ఆరో రోజు ఊళ్లను ఎవరు కాపాడతారన్నది మాత్రం ఎవరి ప్రణాళికలోనూ సరిగా లేదు. తూము ఎత్తడం ఒక్కటే కాదు, నీళ్లు ఎవరి ఇంట్లోకి పోతాయో చూడడం కూడా లెక్కలోకి రావాలి.

శ్రోతలారా, మేజర్ జనరల్ చౌదరి పేరు గుర్తుపెట్టుకోండి. హైదరాబాదులో గెలిచాక ఆయన అక్కడే సైనిక గవర్నరుగా 1949 చివరిదాకా పాలించాడు. జాగీర్దారీ రద్దు ఆయన పాలనలోనే జరిగింది. తర్వాత ఆయనే భారత సైన్యాధిపతి అయ్యాడు. 1965లో పాకిస్తాన్‌తో యుద్ధం వచ్చినప్పుడు ఆ కుర్చీలో ఉన్నది ఆయనే. సెప్టెంబరులో, యుద్ధం చివరి రోజుల్లో, ఐక్యరాజ్య సమితి కాల్పులు ఆపమంటోంది. ఇంకొన్ని రోజులు పోరాడితే గట్టి గెలుపు దొరుకుతుందా అని ప్రధాని లాల్‌బహదూర్ శాస్త్రి ఆయన్ను అడిగాడు. ముందు వరుస మందుగుండు చాలావరకు అయిపోయిందని చౌదరి జవాబు చెప్పాడు. సెప్టెంబరు 23న కాల్పులు ఆగాయి. తర్వాత రక్షణ శాఖ రాయించిన చరిత్రలో బయటపడిన సంగతి వేరు. ముందు వరుస మందుగుండులో అప్పటికి ఖర్చయింది దాదాపు 14 శాతమే.

కట్ట మీద నిలబడి చెరువు అడుగంటిందని చెప్పాడు నీరుగంటి. తీరా దిగి చూస్తే చెరువు నిండుగానే ఉంది. అబద్ధమని నేను అనడం లేదు, లెక్క తప్పడమే. యుద్ధం ఆగడం మంచిదే కావచ్చు కూడా. కానీ ఒక దేశం అంత పెద్ద నిర్ణయం తప్పుడు లెక్క మీద తీసుకోవడం మంచిది కాదు. సేనాని మాటకు బరువుండాలంటే ఆ మాట వెనక ఎవరైనా దిగి కొలిచి ఉండాలి.

దీనికి మూడేళ్ల ముందు, 1962లో, ఇంకో రకం నీరుగంటిని చూశాం. ఈశాన్యాన థగ్‌లా కొండ మీది నుంచి చైనా సిపాయిలను వెళ్లగొట్టాలని ఢిల్లీ కోరింది. అక్కడి బలగాలకు అధిపతి లెఫ్టినెంట్ జనరల్ ఉమ్రావ్ సింగ్. చలి బట్టలు లేవు, ఫిరంగులు లేవు, దారి లేదు, ఇది కాని పని అని చెప్పాడు. ఆ పని ఆయన చేతి నుంచి తీసేసి లెఫ్టినెంట్ జనరల్ బి.ఎం. కౌల్‌కు అప్పగించారు. కౌల్‌కు యుద్ధరంగంలో బలగాలను నడిపిన అనుభవం లేదు, ఢిల్లీలో పలుకుబడి మాత్రం ఉంది. సైన్యాధిపతి థాపర్ కూడదని గట్టిగా చెప్పలేకపోయాడు. ఆదేశం రాతపూర్వకంగా కావాలని మాత్రం అడిగాడు. ఒక జాయింట్ సెక్రటరీ సంతకంతో ఆ కాగితం వచ్చింది. అక్టోబరు 20న చైనా విరుచుకుపడింది. కాగితం థాపర్ దగ్గర భద్రంగానే ఉంది. ఆ కొండ కింది నమ్కాచు వాగు ఒడ్డున నూలు బట్టలతో నిలబడిన సిపాయిలను ఆ కాగితం కాపాడలేదు.

ఈ రెండు పాఠాల తర్వాత 1971 వచ్చింది. ఆ ఏడాది మొత్తంలో తూర్పు పాకిస్తాన్ నుంచి కోటి మంది దాకా శరణార్థులు సరిహద్దు దాటారు. ఏప్రిల్లో ప్రధాని ఇందిరా గాంధీ మంత్రివర్గ సమావేశానికి సైన్యాధిపతి మానెక్‌షాను పిలిచింది. ఇప్పుడే వెళ్తే ఓడిపోతామని చెప్పానని మానెక్‌షా తర్వాత ఎన్నో సభల్లో చెప్పుకున్నాడు. ఆయన చెప్పిన కారణాలు మన రైతులకు చాలా తేలిగ్గా అర్థమవుతాయి. మొదటిది వాన. మనకు చినుకు రాకపోవడం బాధ. అక్కడ వాన మొదలైతే నదులు సముద్రాలవుతాయి, బురదలో ట్యాంకులు కదలవు. రెండోది కోత. పంజాబు, ఉత్తరప్రదేశ్‌లలో అది గోధుమ కోత కాలం. సైన్యాన్ని తరలించాలంటే రైలు వ్యాగన్లన్నీ నాకే కావాలి, ధాన్యం పొలాల్లోనే ఉండిపోతుంది, కరువొస్తే బాధ్యత మీదే అని వ్యవసాయ మంత్రితో అన్నాడట. మూడోది మంచు. డిసెంబరు దాకా ఆగితే హిమాలయాల కనుమలు మూసుకుపోతాయి, చైనా దిగిరాలేదు.

ఈ కథలో సగం మానెక్‌షా చెప్పుకున్న తీరు అని కొందరు చరిత్రకారులు అంటారు. వెంటనే యుద్ధానికి వెళ్లాలన్న తొందర ప్రభుత్వానికి కూడా అంతగా లేదని వాళ్ల వాదన. అదే నిజమైనా ఒక సంగతి మారదు. ఆ ఏడాది ఎనిమిది నెలలపాటు సేనానీ పాలకులూ ఒకే లెక్క ముందు పెట్టుకుని పనిచేశారు. డిసెంబరు 3న మొదలైన యుద్ధం 16న ముగిసింది. ఆ యుద్ధంలో సిల్హెట్ వైపు 8వ పర్వత డివిజనును నడిపినవాడు మన తెలుగువాడు, విజయనగరం ప్రాంతంలో పుట్టిన కె.వి. కృష్ణారావు.

ఆయన గురించి రెండు మాటలు చెప్పాలి. కృష్ణారావు 1942లో సైన్యంలో చేరి బర్మాలో, కాశ్మీరులో పోరాడాడు. 1981 నుంచి 1983 దాకా భారత సైన్యాధిపతిగా ఉన్నాడు. కానీ ఆయన చేసిన పనుల్లో నాకు బాగా నచ్చేది వేరే. 1975లో సైన్యం రాబోయే పాతికేళ్లలో ఎలా ఉండాలో ఆలోచించడానికి వేసిన నిపుణుల సంఘానికి ఆయన అధ్యక్షుడు. అప్పుడు తలమీదకొచ్చిన యుద్ధం ఏదీ లేదు. చెరువు నిండుగా ఉన్న రోజున పూడిక ఎంతుందో, కట్ట ఎక్కడ బీటలు వారిందో చూసి చెప్పే పని అది. జనానికి కనపడదు, చప్పట్లు కొట్టరు. కానీ యుద్ధం రోజున సేనాని చెప్పే లెక్క నిజమా కాదా అన్నది అలాంటి రోజుల్లోనే తేలిపోతుంది.

మన రాజ్యాంగం ఈ విషయంలో చాలా స్పష్టంగా ఉంది. సైన్యాలకు సర్వాధిపతి రాష్ట్రపతి, నిర్ణయం జనం ఎన్నుకున్న మంత్రివర్గానిది. మన చుట్టుపక్కల దేశాల్లో సేనానులే తూము తాళంతో పాటు పొలాల పట్టాలు కూడా లాక్కున్న రోజులు చూశాం. అమెరికాలో కొరియా యుద్ధం వేళ జనరల్ మెకార్థర్ ప్రభుత్వ విధానాన్ని బాహాటంగా కాదన్నందుకు 1951లో అధ్యక్షుడు ట్రూమన్ ఆయన్ను పదవి నుంచి తప్పించాడు. నిర్ణయం సేనాని చేతికి పోకూడదన్నది అందరూ చెప్పే మాటే. నేను దానికి ఒకటి కలుపుతాను. సేనాని నోరు మూతపడినా అంతే ప్రమాదం. థాపర్ సైన్యం పాలకుల కుర్చీ లాక్కోలేదు, పాలకుల మాట తు.చ. తప్పకుండా విన్నది. అయినా దేశం ఓడింది.

ఇప్పుడు రోజూ రాత్రి మన ఇళ్లలో టీవీ పెడితే, సరిహద్దులో చిన్న అలజడి వచ్చినా చాలు, పదవీ విరమణ చేసిన పెద్ద అధికారులు వరసగా కూర్చుని కనిపిస్తారు. కొందరు నిదానంగా, లెక్కతో మాట్లాడతారు. కొందరు మీసం మెలేసి కేకలేస్తారు. యాంకరుకు కేకలే ఇష్టం. వాళ్ల మాటలు విని మనమూ రచ్చబండ మీద యుద్ధాలు గెలిచేస్తాం. ఈసారి అలాంటి చర్చ చూసినప్పుడు ఒక పని చేయండి. ఆ మాట్లాడే పెద్దమనిషి నీళ్లు ఎన్నున్నాయో చెబుతున్నాడా, లేక మన చెవికి ఇంపైన పంట పేరు చెబుతున్నాడా అని గమనించండి. మందుగుండు, వాతావరణం, అవతలివాడి బలం, ఆరో రోజు ఊళ్ల సంగతి, ఇవి లేని మాట సేనాని మాట కాదు.

ఆ రోజు కట్ట దిగి వచ్చేటప్పుడు ఆ ముసలి నీరుగంటి తూము రాతి మీద గీతలు చూపించాడు. వాళ్ల తాత కాలం నుంచి ఉన్నాయట. నీళ్లు ఏ గీత దాకా ఉంటే ఎన్ని మడులకు వస్తాయో ఆ గీతలే చెబుతాయి. “నన్ను తిట్టినా పర్లేదు సారూ. ఒక్కసారి దిగొచ్చి ఈ రాయి చూడమనండి” అన్నాడు.